సర్వర్‌ను లేపింది ఎవరు?

డేటాబేస్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ కోర్సు చేస్తే బాగుంటుందని. రెండోది, జీతం ఎంత పెరుగుతుందని. ఈ రెండింటికీ నా దగ్గర పనికొచ్చే జవాబు లేదు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను, కోర్సుల పేర్లు కూడా మారిపోయాయి. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఫోను మోగి, అవతల ఒక మనిషి ఏడుపు గొంతుతో "మేడమ్, ఫైలు క్రియేట్ కావడం లేదు" అన్నప్పుడు మొదట ఏం చెయ్యాలి? దానికి మాత్రం నా దగ్గర గట్టి జవాబుంది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. కొన్ని వచ్చాయి, కొన్ని రావలసినప్పుడు రాలేదు. రానప్పుడు నోరారా తిట్టుకున్నాను, తర్వాత మర్చిపోయాను. చదివేవాళ్ళకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

మాది నంద్యాల. తొంభైల మొదట్లో బెంగళూరు వచ్చి, డేటాబేస్ సర్వర్లు అమ్మి వాటి బాగోగులు చూసే ఒక కంపెనీలో సపోర్ట్ ఇంజనీరుగా చేరాను. ఆఫీసు ఊరి మధ్యలో ఉండేది, పని మాత్రం ఊరి అంచుల్లో. ఒకరోజు హొసకోటె, ఇంకోరోజు బొమ్మసంద్ర. ఇప్పటిలాగా ఇంట్లో కూర్చుని ఇంకొకరి సర్వర్‌లోకి దూరే వసతి అప్పుడు లేదు. బస్సెక్కి పోవాల్సిందే. గేటు దగ్గర వాచ్‌మన్ "ఇంజనీరు రాలేదా?" అని నా వెనకాల చూసేవాడు. నేనేనని చెప్పి లోపలికి పోయేదాన్ని. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత సరదాగా ఉండేది.

ఆ ఒక్క వాక్యం

ఈ పని తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఒక ఫ్యాక్టరీలో కొన్న సరుకు, అమ్మిన సరుకు, హాజరు, జీతాలు, ఇవన్నీ చివరికి డిస్కు మీద కొన్ని పెద్ద పెద్ద ఫైళ్ళలో ఉంటాయి. ఆ ఫైళ్ళను చూసుకునే ప్రోగ్రామే డేటాబేస్ సర్వర్. ఉన్న ఫైళ్ళు నిండిపోతే కొత్త ఫైలు కావాలి. దాన్ని డేటాబేస్ తనంతట తాను పుట్టించలేదు. మొత్తం కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. అది సరే అంటే ఫైలు పుడుతుంది. కాదంటే తెర మీద ఒక్క వాక్యం వస్తుంది. ఫైలు సృష్టించడం కుదరలేదు, ఇదీ కారణం, అని.

ఆ వాక్యం అబద్ధం చెప్పదు. అలాగని మొత్తం నిజమూ చెప్పదు. స్థలం లేదంటుంది, ఏ స్థలమో చెప్పదు. అనుమతి లేదంటుంది, ఎవరికి లేదో చెప్పదు. మిగతా సగం మనం కనుక్కోవాలి. నా ఉద్యోగమంతా ఆ మిగతా సగమే.

మా బాస్ శ్రీధరమూర్తి గారికి ఆ మిగతా సగం మీద ఓపిక లేదు. మనిషి చెడ్డవాడు కాదు, మా అందరికీ సమయానికి జీతాలు ఇప్పించేవారు. కానీ ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు. డిస్కు తుడిచెయ్, మళ్ళీ మొదటినుంచి ఎక్కించు, టేపులో ఉన్న పాత కాపీ దాంట్లో పోసెయ్. మేం ఆయన్ని చాటుగా ఫార్మాట్ మూర్తి అనేవాళ్ళం. ఆ సంగతి ఆయనకు తెలుసు. కాస్త గర్వపడేవారు కూడా.

చెప్పుల స్టాండు

నేను ఈ పనిలో నిలదొక్కుకున్నది హొసకోటెలో. అక్కడ బట్టలు కుట్టి ఎగుమతి చేసే ఒక యూనిట్ ఉండేది. డిస్కులో స్థలం లేదు, కొత్త ఫైలు చెయ్యలేనని వాళ్ళ సర్వర్ మొండికేసింది. చూస్తే డిస్కు సగం ఖాళీ. సర్వర్‌కు మతి పోయిందని అందరూ తేల్చేశారు. తుడిచెయ్యమని మా బాస్ ఫోనులో చెప్పారు.

నేను తుడవలేదు. గుడి బయట చెప్పుల స్టాండు చూసే ఉంటారు. అరల్లో చోటుంటుంది, కానీ టోకెన్లు అయిపోతే వాళ్ళు మీ చెప్పులు తీసుకోరు. డిస్కు కూడా అంతే. ప్రతి ఫైలుకూ, అది ఎంత చిన్నదైనా, ఒక టోకెన్ కావాలి. ఆ యూనిట్‌లో కాలరు సైజు లేబుళ్ళు ముద్రించే ప్రోగ్రాము ప్రతి లేబుల్‌కూ ఒక బుల్లి ఫైలు చేసి, పని అయ్యాక చెరపడం మానేసింది. లెక్కలేనన్ని బుల్లి ఫైళ్ళు టోకెన్లన్నీ మింగేశాయి. చోటుంది, టోకెన్ లేదు. వాటిని చెరిపేసి ఆ ప్రోగ్రామును సరిచేయించగానే సర్వర్ బుద్ధిగా కొత్త ఫైలు చేసుకుంది. మా బాస్ మాత్రం అదృష్టం అన్నారు.

అదృష్టం కాదు, అడగడం. ఇక్కడ కొత్తగా ఏం మొదలైందని నేను కుట్టుపని సూపర్‌వైజర్‌ను అడిగాను. కంప్యూటర్ గదిలో వాళ్ళను అడిగితే ఏమీ లేదన్నారు. ఆ తేడా నాకు తర్వాత పెద్ద పనికొచ్చింది.

బొమ్మసంద్రలో మునిరాజు

ఇది తొంభైల చివర. బొమ్మసంద్రలో బ్రేకుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ మా ఖాతాదారు. దాని యజమాని గోపాలప్ప గారు. బళేపేటలో ఇనుప సామాన్ల అంగడితో మొదలుపెట్టి ఫ్యాక్టరీ దాకా వచ్చిన మనిషి. వాళ్ళది తరాల కిందటే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని సావుకారు అనేవాళ్ళు. రోజువారీ వ్యవహారం జనరల్ మేనేజర్ రంగనాథ్ గారు చూసేవారు. కంప్యూటర్ గదికి మునిరాజు ఒక్కడే దిక్కు.

మునిరాజు హొసకోటె పక్క పల్లె నుంచి రోజూ కంపెనీ బస్సులో వచ్చేవాడు. ముప్పై దాటని మనిషి, ఒక పాప. పని తెలిసినవాడే గానీ పై అధికారి గొంతు పెంచితే వణికిపోయేవాడు.

దసరా అయిన కొన్ని వారాలకు వాళ్ళ సర్వర్ కొత్త ఫైలు చెయ్యనంది. కారణం, అనుమతి లేదు. పాత ఫైళ్ళు నిండిపోయాయి కాబట్టి కొత్త ఇన్‌వాయిస్ ఒక్కటి కూడా ఎక్కడం లేదు. ఇన్‌వాయిస్ ముద్రించకుండా సరుకు గేటు దాటకూడదు. లారీలు లోపల వరసగా నిలబడిపోయాయి. బ్రేకుల కోసం ఎదురుచూస్తున్న బండ్ల కంపెనీవాళ్ళు రంగనాథ్ గారికి ఫోన్ల మీద ఫోన్లు.

ముందురోజు మా ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వెళ్ళొచ్చాడు. ఫోల్డరు అనుమతులు చూశాడు, సరిగ్గానే ఉన్నాయి. డేటాబేస్ లాగిన్‌తో తనే లోపలికి వెళ్ళి చేత్తో ఒక ఫైలు చేసి చూశాడు. చక్కగా పుట్టింది. డేటాబేస్‌ను చెయ్యమంటే మాత్రం అనుమతి లేదంటుంది. కాబట్టి డేటాబేస్ ప్రోగ్రామే పాడైందని రాసిచ్చాడు. ఇక మా బాస్‌కు పండగే. తుడిచి మళ్ళీ ఎక్కించడానికి నన్ను పంపారు.

నేను చేరేసరికి అక్కడ ఇంకో కథ నడుస్తోంది. ప్రోగ్రాము పాడైతే ఎవరో పాడుచేసి ఉండాలి కదా. ఆ గదిలో పాస్‌వర్డ్ తెలిసినవాడు మునిరాజు ఒక్కడే. రంగనాథ్ గారు అందరి ముందూ తీర్పు చెప్పేశారు. ఎక్కించడం పూర్తికాగానే మునిరాజు ఇంటికి పోవచ్చు, మళ్ళీ రానక్కరలేదు.

ఆయన బయటికి వెళ్ళాక మునిరాజు నా పక్కన నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏ కమాండ్ తాకలేదని, ఏ సెట్టింగూ మార్చలేదని మెల్లగా చెప్పుకొచ్చాడు.

"ఉద్యోగం పోతే పోనీ మేడమ్. సిస్టమ్ పాడుచేసినోడు అని పేరొస్తే బెంగళూరులో నన్ను ఇంకెవురు తీసుకుంటారు?"

ఆ పేరు ఒకసారి పడితే ఈ వృత్తిలో చెరగదు, నాకు తెలుసు. మునిరాజును కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, నేనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తుడిచే ముందు ఒక పూట నాకివ్వమని రంగనాథ్ గారికి కబురు పంపాను. లారీలు వెళ్ళకపోతే నీదే పూచీ అని జవాబు వచ్చింది. సరే నాదే అన్నాను. మా బాస్‌కు ఫోను చేస్తే ఆయన నిట్టూర్చి, "కరుణా, ఎందుకమ్మా ఈ డిటెక్టివ్ పనులు?" అన్నారు.

ఖాళీ టేపులు

తుడవాలంటే ముందు మంచి టేపు ఉండాలి. అది లేకుండా తుడవడం ఇంటికి నిప్పుపెట్టి తర్వాత సామాన్ల గురించి ఆలోచించడం లాంటిది. అందుకని మొదట టేపులు తెమ్మన్నాను. మునిరాజు రోజూ ఒక టేపు పెట్టేవాడు, మర్నాడు అది బయటికొచ్చి ఉండేది, తీసి బీరువాలో పెట్టేవాడు. నేను ఒక్కొక్కటే లోపల పెట్టి చదివించాను. కొత్త టేపుల్లో ఏమీ లేదు. ఇంకా వెనక్కి వెళ్ళినా ఏమీ లేదు. దసరా ముందు టేపుకు వచ్చాక గానీ డేటా కనిపించలేదు.

వాళ్ళ బ్యాకప్ పద్ధతి ఏమిటంటే, డేటాబేస్ మొదట తన ఫోల్డరులోనే ఒక కాపీ ఫైలు చేస్తుంది, దాన్ని టేపు మీదకు ఎక్కిస్తారు. ఆ కాపీ ఫైలే పుట్టలేదు. ఖాళీ టేపు తిరిగి తిరిగి బయటికొస్తోంది. అంటే ఈ జబ్బు నిన్న మొన్న వచ్చింది కాదు. దసరా నుంచి ఉంది. పాత ఫైళ్ళలో ఖాళీ ఉన్నన్నాళ్ళూ బయటపడలేదు, అంతే.

ఇంకో సంగతి కూడా తేలింది. మా బాస్ చెప్పినట్టు తుడిచి ఉంటే దసరా తర్వాత ఆ ఫ్యాక్టరీలో నమోదైన ప్రతి ఇన్‌వాయిసూ, ప్రతి కార్మికుడి హాజరూ గాలిలో కలిసిపోయేవి. ఆ నింద కూడా మునిరాజు నెత్తిన పడేది.

ఖాళీ టేపులు మొదలైన రోజు ఏం జరిగిందని అడిగాను.

"ఆ పొద్దు రజా మేడమ్. ఆయుధపూజ. ఎవురూ ఏ పనీ చెయ్యలేదు" అన్నాడు.

మాది క్రైస్తవ కుటుంబం, మా ఇంట్లో ఆయుధపూజ లేదు. అయినా బెంగళూరులో పనిచేసినన్నాళ్ళూ ఆ వారం మా ఇంట్లో బొరుగుల పొట్లాలు తరిగేవి కావు. ప్రతి ఫ్యాక్టరీ నుంచీ వచ్చేవి. ఆ రోజు యంత్రాలన్నీ ఆపి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చామంతి దండలు వేసి, బూడిద గుమ్మడికాయ కొడతారు. తర్వాత మళ్ళీ నడిపిస్తారు. ఈ సర్వర్ పెట్టె మీద కూడా మూడు విభూతి రేఖలు ఇంకా చెరగకుండా ఉన్నాయి.

యంత్రాలన్నీ ఆపితే దీన్ని కూడా ఆపారా అని అడిగాను. ఆపామన్నాడు. మళ్ళీ స్టార్ట్ చేసింది నువ్వేనా అన్నాను.

"నేను కాదు మేడమ్. సావుకారు."

ఎవరి పేరు మీద లేచింది

ఆ మాట చెబుతూ మునిరాజు ముఖం మొదటిసారి వెలిగింది. వాళ్ళ ఫ్యాక్టరీలో ఆనవాయితీ అదట. పూజ అయ్యాక ప్రతి యంత్రాన్నీ మొదట సావుకారు చేత్తోనే నడిపించాలి. లేత్ మెషీన్లు, ప్రెస్సులు, కంప్రెసర్, ఆఖరికి గేటు దగ్గర తూకం కూడా. కిందటేడు దాకా కంప్యూటర్‌కు కుంకుమ పెట్టి ఊరుకునేవాళ్ళు. ఈసారి రంగనాథ్ గారికి ఉత్సాహం వచ్చింది. సర్వర్ కూడా సావుకారు చేత్తో, ఆయన పేరు మీదే లేవాలన్నారు. మునిరాజు, గోపాలప్ప అనే పేరుతో ఒక కొత్త లాగిన్ చేసి, ఒక్క మీట నొక్కితే డేటాబేస్ మొత్తం లేచేలా అమర్చాడు. సావుకారు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని మీట నొక్కారు. సర్వర్ లేచింది. స్క్రీన్ మీద లెక్కలు వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు, బొరుగులు పంచుకున్నారు.

ఏమైనా మార్చారా అని మా ఇంజనీరు అడిగాడు, నేనూ అడిగాను. లేదనే మునిరాజు ఒట్టేశాడు. నిజమే కదా, పూజ చేస్తే మార్పు ఎలా అవుతుంది? ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. నేను ఆ ఊళ్ళో పుట్టి ఉంటే నాకూ వచ్చేది కాదేమో.

ఇప్పుడు సంగతి వినండి. డేటాబేస్‌ను ఎవరు లేపితే, అది వాళ్ళ పేరు మీద నడుస్తుంది, వాళ్ళకున్న హక్కులతోనే నడుస్తుంది. కొత్త లాగిన్‌కు పాత ఫైళ్ళను చదివే హక్కు, వాటిలో రాసే హక్కు మునిరాజు ఇచ్చాడు. కాబట్టి లెక్కలన్నీ మామూలుగా నడిచాయి. కానీ ఆ ఫోల్డరులో కొత్త ఫైలు పుట్టించే హక్కు అసలు డేటాబేస్ లాగిన్‌కు ఒక్కదానికే ఉంది. మా ఇంజనీరు చేత్తో ఫైలు చేసినప్పుడు ఆ అసలు లాగిన్‌తో చేశాడు, పుట్టింది. డేటాబేస్ మాత్రం సావుకారు పేరుతో అడిగింది, ఆపరేటింగ్ సిస్టమ్ కాదంది. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా, వాటి పక్కన యజమాని పేరు చూపించే కమాండ్ ఒకటుంది. చాలా చిన్నది. డేటాబేస్ ఎప్పుడూ తన లాగిన్‌తోనే లేస్తుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆ కమాండ్ కొట్టలేదు. నేను కొట్టాను. తెర నిండా పైనుంచి కిందిదాకా ఒకటే పేరు, గోపాలప్ప, గోపాలప్ప, గోపాలప్ప.

నేను పెద్దగా నవ్వేశాను. ఆ నవ్వు విని రంగనాథ్ గారు లోపలికొచ్చారు. సర్వర్‌ను ఒకసారి ఆపాలని చెబితే, టేపులు ఖాళీ అని విన్నాక ఆయన ఒప్పుకోలేదు. ఆపితే మళ్ళీ లేవకపోవచ్చని మా ఇంజనీరు భయపెట్టి పోయాడట. లేవకపోతే నేనే రాజీనామా చేస్తానన్నాను. కోపంలో అన్న మాటే గానీ, వెనక్కి తీసుకోలేదు.

సర్వర్‌ను పద్ధతిగా ఆపాం. ఉన్న ఫైళ్ళన్నిటినీ మొదట ఇంకో డిస్కు మీదకు కాపీ చేశాం. ఏం చేసినా దీని తర్వాతే, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. గోపాలప్ప పేరుతో వేరే ఫోల్డర్లలో పుట్టిన చిన్నచిన్న ఫైళ్ళను వెతికి అసలు లాగిన్ పేరుకు మార్చాం. అప్పుడు మునిరాజును కుర్చీలో కూర్చోబెట్టాను. నేను కొట్టొచ్చు, కానీ ఈ సర్వర్ అతనిది. అసలు లాగిన్‌తో లేపమన్నాను. లేచింది. కొత్త ఫైలు చెయ్యమన్నాను. కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాడు.

తెర మీద ఏమీ రాలేదు.

రంగనాథ్ గారు మళ్ళీ ఆగిపోయిందా అన్నారు. మునిరాజు నా వైపు చూశాడు. నేను మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. ఎందుకంటే ఈ పనిలో ఏళ్ళు గడిపినవాళ్ళకు మాత్రమే తెలిసిన రహస్యం ఒకటుంది. కాదనే జవాబు వెంటనే వస్తుంది. పెద్ద ఫైలు పుట్టాలంటే సమయం పడుతుంది, డిస్కు మీద మొదటినుంచి చివరిదాకా చోటు సిద్ధం చేసుకోవాలి. తెర మౌనంగా ఉందంటే పని జరుగుతోందని అర్థం. ఆ మౌనంలో డిస్కు కిర్రు కిర్రుమంటున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. అంతకంటే తియ్యని సంగీతం నేను వినలేదు. ఎంతసేపు ఆగితే అంత గెలిచినట్టు. కాఫీ తెప్పించమని రంగనాథ్ గారికే చెప్పాను, ఆయన నిజంగానే తెప్పించారు.

కాఫీ సగంలో ఉండగా ఫైలు తయారైందని తెర మీద వచ్చింది. మునిరాజు ఒక ఇన్‌వాయిస్ ఎక్కించాడు. ప్రింటర్ అరుస్తూ కాగితం బయటికి తోసింది. కిటికీలోంచి చూస్తే మొదటి లారీ కదిలింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఒక్కదాన్నే కొట్టాను, సిగ్గుపడలేదు.

సావుకారు గదిలో

కారణం దొరికితే మునిరాజు బయటపడ్డట్టేనని అనుకున్నాను. అక్కడే పొరపడ్డాను. ఆ లాగిన్ చేసింది ఎవరు, మునిరాజే కదా, టేపులు చూసుకోనిది కూడా వాడే కదా అని రంగనాథ్ గారు కొత్త రాగం అందుకున్నారు. అలా చేయించింది తానేనన్న మాట మాత్రం ఎత్తలేదు. మునిరాజు నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. సావుకారుతో మాట్లాడతానని నేరుగా ఆయన గదికి నడిచాను. వాళ్ళిద్దరూ నా వెనకే వచ్చారు.

గోపాలప్ప గారు తెల్లపంచె, తెల్లచొక్కాతో చిన్న గదిలో కూర్చుని ఉన్నారు. నేను జరిగినదంతా మామూలు మాటల్లో చెప్పాను. మీ పేరు మీద లేచింది కాబట్టి కొత్త ఫైలు చెయ్యలేకపోయిందన్నాను.

"ఫ్యాక్టరీ నాది, కరెంటు నాది, ఆ పెట్టె గూడా నాదే. అయినా దాంట్లో ఒక ఫైలు చేసేకి నాకు పర్మిషన్ లేదా?" అని అడిగారు.

అప్పుడు మునిరాజు తలెత్తాడు. "చదివేకి, రాసేకి ఉండాది సావుకారప్పా. కొత్తది పుట్టించేకి లేదు" అన్నాడు.

ముసలాయన పొట్ట కదిలేలా నవ్వారు. నవ్వాక ఆయన గొంతు మారింది. నా పేరుతో చెయ్యమని చెప్పింది ఎవరని అడిగారు. మునిరాజు చెప్పడని నాకు తెలుసు, అందుకని నేనే చెప్పాను. జనరల్ మేనేజర్ గారు చెప్పారు, మునిరాజు చేశాడు, మీరు నొక్కారు, అందరూ చప్పట్లు కొట్టారు. తప్పని చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. టేపులు చదివి చూడమని మునిరాజుకు నేర్పాల్సింది మా కంపెనీ, మేం నేర్పలేదు. ఒకణ్ణి తీసెయ్యాలంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో మీరే చెప్పండి అన్నాను.

"అట్లయితే మొదట నన్ను తీసెయ్యల్ల" అన్నారాయన. రంగనాథ్ గారి వైపు తిరిగి, మునిరాజు మీద ఏదైనా రాసి ఉంటే చించెయ్యమన్నారు. కంప్యూటర్ గదిలో ఏం జరగాలన్నా ఇకపై మునిరాజు సరే అంటేనే జరగాలన్నారు. జనరల్ మేనేజర్ అయినా సరే, తానైనా సరే. రంగనాథ్ గారు తల ఊపారు. నిజం చెప్పాలంటే, అప్పటినుంచి ఆయన ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా.

బయటికొచ్చాక మునిరాజు వరండా గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాడు. నేను ఊరుకోమనలేదు.

చేరబోయేవాళ్ళకు

ఆఫీసుకు వచ్చి మా బాస్‌కు అంతా చెప్పాను. తర్వాతి మీటింగులో ఆయన తుడిచే ముందు ఆలోచించాలని మా అందరికీ అరగంట ఉపన్యాసం ఇచ్చారు. అది ఎప్పటినుంచో తన పద్ధతి అన్నట్టే చెప్పారు. మేం ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. ఎవరి నోటినుంచి వచ్చినా మంచి మాట మంచిదే. ఆ తర్వాత మా ఆఫీసులో అనవసరంగా ఒక్క డిస్కు కూడా తుడవలేదు.

ఇక మీకు చెప్పాల్సింది. ఏం మార్చారని అడగకండి. ఆ ప్రశ్న వినగానే మనుషులు నిందితుల్లా నిలబడతారు, మార్చలేదనే అంటారు, నిజాయితీగానే అంటారు. ఏం జరిగిందని అడగండి. పండగ జరిగిందా, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చారా, కరెంటు పోయిందా, గదికి రంగు వేశారా, అన్నీ అడగండి. సర్వర్ ఒంటరిగా బతకదు. దాని చుట్టూ ఒక ఊరుంటుంది, ఆ ఊరికి అలవాట్లుంటాయి. వాటిని మూఢనమ్మకమని నవ్వేసే ఇంజనీర్లను చాలామందిని చూశాను. వాళ్ళకు జవాబులు దొరకవు.

ఇంకోటి. తప్పు ఎవరిదని వెతికే చోట తప్పు ఏమిటో దొరకదు. భయపడ్డ మనిషికి ఏమీ గుర్తురాదు. మునిరాజును మొదట కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాకే పూజ సంగతి బయటికొచ్చింది.

మరుసటి ఏడు ఆయుధపూజకు సావుకారు నాకు స్వయంగా ఫోను చేసి పిలిచారు. వెళ్ళాను. యంత్రాల షెడ్డంతా అరటిపిలకలు, చామంతి వాసన. సావుకారు వరసగా ప్రతి యంత్రం దగ్గరా ఆగి, దండం పెట్టి, మీట నొక్కుతూ వచ్చారు. చివరికి కంప్యూటర్ గది. తలుపు దగ్గర రంగనాథ్ గారు, వెనకాల కార్మికులు. సావుకారు మామూలుగానే కీబోర్డు వైపు చెయ్యి చాచారు.

మునిరాజు కదల్లేదు. కీబోర్డుకు అడ్డంగానే నిలబడి చేతులు జోడించాడు. గొంతు వణకలేదు.

"దీవెన మీది సావుకారప్పా. పాస్‌వర్డు నాది."

సావుకారు చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన మెల్లగా పళ్ళెంలోంచి అక్షింతలు తీసి, సర్వర్ మీద కాదు, మునిరాజు నెత్తిన వేశారు. అతను కూర్చుని, తన పేరుతో లోపలికి వెళ్ళి, డేటాబేస్‌ను దాని సొంత లాగిన్‌తో లేపాడు.